పైడిభీమవరం దారిలో నేర్చుకున్నది: ఒక మంచి షేరు వెంట ఏళ్ల తరబడి ఎలా పడాలి

విజయనగరంలో బస్సెక్కి, నాతవలస దగ్గర హైవే అందుకుని, రణస్థలం వైపు ఉన్న మా బడికి పన్నెండేళ్లు తిరిగాను. పొద్దున్న పూట పైడిభీమవరం దగ్గర మందుల కంపెనీల బస్సులు బారులు తీరేవి. పగటి షిఫ్టు కుర్రాళ్లు దిగేవాళ్లు, రాత్రి డ్యూటీ చేసినవాళ్లు కళ్లు నులుముకుంటూ ఎక్కేవాళ్లు. 2015 నవంబరులో ఒకరోజు మా బస్సంతా ఒకటే మాట. డాక్టర్ రెడ్డీస్ షేరు ఒక్కరోజులో సుమారు 15 శాతం పడిపోయిందట. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్ ఇచ్చింది. అందులో పేరున్న మూడు ప్లాంట్లలో ఒకటి మా శ్రీకాకుళం జిల్లాది. మిగతా రెండూ మిర్యాలగూడ, దువ్వాడ.

"ఇంత చవగ్గా మళ్లీ దొరకదు మాస్టారూ, కొనీండి" అన్నారు పక్క సీట్లో సైన్సు మాస్టారు.

నేను కొనలేదు. అంతకుముందు ఏడాదే ఫోన్లో వచ్చిన మెసేజీ నమ్మి, ఏం తయారుచేస్తుందో కూడా తెలియని ఒక చిన్న కంపెనీలో నలభై వేలు పెట్టి ముప్పై వేలు పోగొట్టుకున్నాను. ఆ పుండు ఇంకా పచ్చిగానే ఉంది. ఆ సాయంత్రం బడి ఎదురు కొట్లో రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని, మొదటి పేజీ మీద ఆ కంపెనీ పేరు, ఆనాటి ధర, వార్నింగ్ లెటర్ తేదీ రాసి పెట్టాను. తర్వాత వచ్చిన బుద్ధంతా ఆ పుస్తకం ద్వారా వచ్చిందే. ఆ పద్ధతినే ఇక్కడ వరసగా చెబుతున్నాను. మధ్యలో పేర్లు వచ్చే కంపెనీలు ఉదాహరణకే. కొనమనీ చెప్పడం లేదు, అమ్మమనీ చెప్పడం లేదు.

మొదలుపెట్టే ముందు పిల్లలకు ఒక విన్నపం. ఫ్యూచర్లు, ఆప్షన్లు, అంటే రాబోయే ధర మీద పందెంలాంటి ఒప్పందాలు ఆడేవాళ్లకు ఈ వ్యాసం పనికిరాదు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల లెక్క తీసి, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ చెప్పింది: అందులో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్లు దాటింది. మా బడిలో చదివి వెళ్లిన పిల్లలు కూడా అందులో ఉన్నారు. దయచేసి అటు పోకండి.

మొదటి అడుగు: ఐదారు కంపెనీలు, అంతకు మించి వద్దు

ఒక కంపెనీని నిజంగా వెంటాడాలంటే ఏడాదికి కనీసం పది పన్నెండు గంటలు దానికే పోతాయి. ఉద్యోగం, ఇల్లు చూసుకునే మనిషికి ఐదారుకు మించి సాగవు. ఎక్కడ వెతకాలంటే, మీ కంటికి ఆనేచోట మొదలుపెట్టండి. మన వైపు అయితే పైడిభీమవరం మందుల కంపెనీలు, కొత్తవలస, గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో ఎల్లాయిస్ (ఉక్కు తయారీలో కలిపే మిశ్రమ లోహాలు) ఫర్నేసులు, తీరం పొడుగునా రొయ్యల మేత వ్యాపారం, భోగాపురంలో ఎయిర్‌పోర్టు.

అయితే గేటు చూసినంత మాత్రాన కంపెనీ తెలిసినట్టు కాదు. ఊళ్లో ఫ్యాక్టరీ ఉన్న కంపెనీ అసలు మార్కెట్లో లిస్టు అయిందో లేదో ముందు చూడాలి. అయితే ఏ పేరుతో అయిందో చూడాలి. కొత్తవలస దగ్గర కంటకాపల్లిలో ఉన్న శారదా మెటల్స్ పేరు షేర్ల జాబితాలో కనబడదు. దాని మాతృసంస్థ శారదా ఎనర్జీ అండ్ మినరల్స్ కనబడుతుంది. దాని వ్యాపారం ఎక్కువగా ఛత్తీస్‌గఢ్‌లో. మనకు కనిపించే చిమ్నీ ఆ లెక్కల్లో ఎంత భాగమో తేల్చుకోకుండా "మనూరి కంపెనీ" అని మురిసిపోతే ఫలితం ఉండదు.

ప్రకటించిన పనికీ పూర్తయిన పనికీ మధ్య దూరం చూడాలంటే భోగాపురం చాలు. ఆ ఎయిర్‌పోర్టుకు 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. మొదటి శంకుస్థాపన వార్త చూసి చుట్టుపక్కల స్థలాలు, షేర్లు కొన్నవాళ్లు ఎన్నేళ్లు ఎదురుచూడాల్సి వచ్చిందో మనం కళ్లారా చూశాం. ఇలాంటి భారీ కట్టడాల్లో ఆదాయం కంటే అప్పు ముందు వస్తుంది.

రెండో అడుగు: ఐదేళ్ల వార్షిక నివేదికలు, వెనక నుంచి ముందుకు

నివేదికలు కంపెనీ వెబ్‌సైటులోనూ, షేర్లు కొని అమ్మే ఎక్స్ఛేంజీలు బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్లలోనూ ఉచితంగా దొరుకుతాయి. ముందు పేజీల్లో నవ్వే మొహాలు, రంగుల బొమ్మలు ఉంటాయి. వాటిని ఆఖర్న చూడండి.

మొదట ఆడిటర్ నివేదిక. ఆడిటర్ ఏ లెక్క దగ్గర ఎక్కువసేపు ఆగాల్సి వచ్చిందో ముఖ్య ఆడిట్ అంశాల కింద రాస్తారు. మన దేశంలో 2018-19 నుంచి లిస్టయిన కంపెనీలకు అది తప్పనిసరి. ఏటేటా అదే అంశం వస్తోందా, కొత్తది చేరిందా అని పోల్చి చూడండి. పదవీకాలం మధ్యలో ఆడిటర్ రాజీనామా చేసి వెళ్లిపోతే ఆ కంపెనీ పేజీ మూసి ఇంకోటి తెరవండి. కారణం ఎంత చక్కగా రాసినా సరే.

తర్వాత నగదు ప్రవాహ పట్టిక. ఇక్కడ కాస్త నిలబడాలి. మా నాన్న చీపురుపల్లి వైపు గోగునార పండించేవారు. చెరువులో ఊరబెట్టి, నార తీసి, ఎండబెట్టి, షావుకారికి తోలేవారు. కాగితం మీద అమ్మకం అయిపోయినట్టే. మిల్లు నుంచి షావుకారికి, షావుకారి నుంచి మాకు డబ్బు చేరేసరికి ఒక్కోసారి సంక్రాంతి వెళ్లిపోయేది. "నార అమ్మేశాను" అన్న మాటకీ "డబ్బు చేతికొచ్చింది" అన్న మాటకీ తేడా మా అమ్మకు బాగా తెలుసు. కంపెనీల లాభానికీ నగదుకీ ఉన్న తేడా అచ్చంగా అదే.

ఐదేళ్ల నికర లాభాలు కూడండి. అదే ఐదేళ్లలో వ్యాపారం నుంచి వచ్చిన నగదు కూడండి. మాటవరసకు లాభాల మొత్తం 200 కోట్లు, నగదు 60 కోట్లు అనుకుందాం. మిగతా 140 ఏమైంది? కొనుగోలుదారుల దగ్గర బాకీగా ఉందా, గోదాముల్లో సరుకుగా పేరుకుందా? వేగంగా ఎదిగే కంపెనీలో కొంత తేడా సహజం. ఐదేళ్లయినా మూడో వంతు కూడా చేతికి రాలేదంటే నేను ముందుకు పోను.

మూడో పరీక్ష తెలుగువాళ్లం ఎప్పటికీ మర్చిపోకూడనిది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటపడింది. లెక్కల్లో చూపించిన నగదులో ఐదు వేల కోట్లకు పైగా అసలు లేనే లేదు. అందుకే నేను ఏ కంపెనీ నివేదికలోనైనా నగదు, బ్యాంకు నిల్వల పక్కన వడ్డీ ఆదాయం ఎంతో రాసుకుంటాను. 500 కోట్లు బ్యాంకులో ఉన్నాయంటూ ఏడాదికి ఐదారు కోట్ల వడ్డీ మాత్రమే చూపిస్తే ఆ డబ్బు ఏ రూపంలో ఉందో అడగాలి. అంత నగదు ఉండి కూడా ఎక్కువ వడ్డీకి అప్పులు తెస్తుంటే ఇంకా గట్టిగా అడగాలి.

ప్రమోటర్లు, అంటే కంపెనీని పెట్టి నడిపే యజమానులు, తమ షేర్లు తాకట్టు పెట్టారా, బంధువుల కంపెనీలతో ఎంత లావాదేవీ ఉంది, కోర్టుల్లో ఎంత మొత్తం మీద తగువులున్నాయి, ఈ మూడూ చూసి ఒక్కో వాక్యం రాసుకుంటే సరిపోతుంది.

మూడో అడుగు: మీ ధర మీరు రాసుకోవడం

మంచి కంపెనీ అని తేలాక ఆత్రం మొదలవుతుంది. అప్పుడే కలం పట్టుకోవాలి. ఒక షేరుకు ఏడాది లాభం 12 రూపాయలు, ధర 420 అనుకుందాం. 420ని 12తో భాగిస్తే 35. దాన్నే పీఈ అంటారు. బ్యాంకులో 7 శాతం వడ్డీకి డిపాజిట్ వేస్తే ఏటా 7 రూపాయల కోసం వంద పెట్టినట్టు, అంటే సుమారు 14 రెట్లు. షేరుకు 35 రెట్లు ఇస్తున్నామంటే లాభం బాగా పెరుగుతుందని అంత గట్టిగా నమ్మాలి. నేను నెమ్మదస్తుణ్ణి. ఏటా 12, 13 శాతం పెరిగే కంపెనీకి 20 రెట్లు దాటి ఇవ్వను. కాబట్టి నా పుస్తకంలో 12 ఇంటూ 20, 240 అని రాసి, దాని చుట్టూ గీత గీస్తాను. ఇవాళ్టి ధర 420 అయినా ఆ గీత చెరపను. లాభం మారితేనే ఆ అంకె మారాలి. ధర పెరిగిందని మార్చడం మొదలుపెడితే పుస్తకం దేనికి?

ఈ లెక్క అన్నిచోట్లా పనిచేయదు. మన పక్కనే ఉన్న ఫెర్రో ఎల్లాయిస్ సంగతే తీసుకోండి. వాళ్ల ఖర్చులో కరెంటుది పెద్ద వాటా. సరుకు కొనేది ఉక్కు కర్మాగారాలు. ఉక్కు గిరాకీ పెరిగితే లాభాలు ఒక్కసారి ఉబ్బుతాయి. కరెంటు చార్జీ పెరిగి గిరాకీ తగ్గితే ఫర్నేసులు ఆగుతాయి. గరివిడి, బొబ్బిలి కార్మికులకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇలాంటి కంపెనీకి పీఈ 4, 5 కనబడితే సాధారణంగా అది లాభాలు శిఖరాన ఉన్న సమయం. చవక అని భ్రమపడి అప్పుడే కొంటారు. పదేళ్ల లాభాల సగటు తీసి దానితో లెక్క వేయండి. నష్టాల ఏళ్లను కూడా కలిపి.

నాలుగో అడుగు: ఆగడం, ఆగుతూ పని చేయడం

లిస్టయిన కంపెనీలు త్రైమాసిక ఫలితాలు 45 రోజుల్లోపు, ఏడాది ఫలితాలు 60 రోజుల్లోపు ప్రకటించాలి. అంటే మే 30, ఆగస్టు 14, నవంబరు 14, ఫిబ్రవరి 14 దాటాయంటే మీ ఐదారు కంపెనీల ఫలితాలూ వచ్చేసినట్టే. ఆ నాలుగు తేదీల తర్వాత వచ్చే ఆదివారాలు నేను ఎవరికీ ఇవ్వను. నవంబరులో పెళ్లి పిలుపులున్నా సరే.

ప్రతిసారీ అమ్మకాలు, లాభం, అప్పు రాస్తాను. అవి పది నిమిషాల పని. అసలు విలువైనది పక్క పేజీ. దాన్ని రెండు నిలువు గళ్లుగా విడదీసి ఒకదానిపై "చెప్పింది", రెండోదానిపై "చేసింది" అని రాస్తాను. ఫలితాల తర్వాత విశ్లేషకులతో యాజమాన్యం మాట్లాడిన మాటల రాతప్రతి ఎక్స్ఛేంజీ సైట్లలో పెడతారు. కొత్త బ్లాకు వచ్చే జూన్‌కి మొదలవుతుందన్నారా, రాయండి. అప్పు 100 కోట్లు తగ్గిస్తామన్నారా, రాయండి. జూన్ వచ్చాక పక్క గడి నింపండి. పన్నెండు త్రైమాసికాలు, అంటే మూడేళ్లు ఇలా నింపితే ఆ మనుషుల మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీకే తెలిసిపోతుంది. ఏ టీవీ చర్చా, ఏ టెలిగ్రామ్ గ్రూపూ ఇది ఇవ్వలేవు. దీనికి దగ్గరిదారి లేదు.

డాక్టర్ రెడ్డీస్ పేజీలు నాకు ఇందుకే ఇష్టం. 2015 అక్టోబరులో 4,000 దాటి ఉన్న ధర, వార్నింగ్ లెటర్ దెబ్బకి పడింది. పడిన రోజు కొన్నవాళ్లది మంచి బేరం అనిపించింది. కానీ ఎఫ్‌డీఏ పని ఎలా సాగుతుందో చదివితే అంత తొందర అక్కర్లేదని తెలిసేది. తనిఖీకి వచ్చినవాళ్లు తప్పులు కనబడితే 483 ఫారం మీద రాసిచ్చి వెళ్తారు. జవాబు తృప్తిగా లేకపోతే వార్నింగ్ లెటర్ వస్తుంది. అది తేలేదాకా ఆ ప్లాంటు నుంచి వెళ్లే కొత్త మందులకు అనుమతులు ఆగవచ్చు. కంపెనీ దిద్దుకోవాలి, మళ్లీ తనిఖీ జరగాలి. నెలల్లో తేలే పని కాదు, ఏళ్లు పడుతుంది. పట్టింది కూడా. దానికితోడు అదే సమయంలో అమెరికాలో జెనరిక్ మందుల (పేటెంటు గడువు తీరాక వేరే కంపెనీలూ చేసే మందులు) ధరలు పడిపోవడం మొదలైంది. లెటర్‌తో సంబంధం లేని దెబ్బ అది. 2017లో షేరు 2,000 దరిదాపుల్లోకి దిగింది. 2020లో మళ్లీ 4,000 దాటింది.

పడిన మొదటి రోజు కొన్నవాళ్లకు పెట్టిన డబ్బు తిరిగి కనబడటానికి నాలుగేళ్లకు పైగా పట్టింది. రెండేళ్లు చదువుతూ ఆగినవాళ్లకు అదే కంపెనీ దాదాపు సగం ధరకి దొరికింది. 2017లో కొనడం తేలికని నేను అనను. అప్పుడు పేపర్లలో ఒక్క మంచి వార్త కూడా లేదు. చేతిలో రెండేళ్ల పేజీలు లేనివాడికి ఆ ధైర్యం వచ్చే అవకాశమే లేదు.

పాత ధరలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త: ఈ కంపెనీ 2024 అక్టోబరులో ఒక షేరును ఐదు చేసింది. అప్పటి 2,000 ఇప్పటి లెక్కలో 400. ఇలా షేరును ముక్కలు చేయడం (స్ప్లిట్), ఉచితంగా అదనపు షేర్లివ్వడం (బోనస్) సర్దకుండా పోలిస్తే లెక్క పూర్తిగా తప్పుతుంది.

ఐదో అడుగు: అడగండి, జవాబు వచ్చేదాకా అడగండి

మనలో చాలామందికి ఇది చేయొచ్చని తెలియదు. ఒక్క షేరు ఉన్నా మీరు వాటాదారే. వార్షిక సర్వసభ్య సమావేశం మామూలుగా సెప్టెంబరు 30లోపు జరుగుతుంది. 2020 నుంచి చాలా కంపెనీలు దాన్ని వీడియోలో పెడుతున్నాయి. హైదరాబాదో ముంబయో వెళ్లనక్కర్లేదు. నోటీసులో చెప్పిన గడువులోపు డీమ్యాట్ ఖాతా (మన షేర్లు ఎలక్ట్రానిక్ రూపంలో ఉండే ఖాతా) వివరాలతో మెయిల్ పెట్టి, మాట్లాడేవారి జాబితాలో పేరు నమోదు చేయించుకోవాలి.

నేను మొదటిసారి ఒక కంపెనీకి రాసినప్పుడు జవాబు రాలేదు. బాకీలు ఎందుకు పెరిగాయన్నది నా ప్రశ్న. రెండోసారి కంపెనీ సెక్రటరీ పేరున రాశాను. రాలేదు. మూడోసారి వార్షిక నివేదికలో పేజీ నంబరు, రెండేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి ఒకే ఒక ప్రశ్న రాశాను. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. అప్పట్నుంచి నా పద్ధతి ఒకటే: ఒక ఉత్తరం, ఒక ప్రశ్న, పేజీ నంబరు. అందరికీ చెప్పని సంగతి మీకొక్కరికే చెప్పమని అడగకండి. వాళ్లు చెప్పకూడదు.

ఆ మాటే మన ప్రాంతంలో ఇంకోలా ఎదురవుతుంది. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ప్లాంటులో పనిచేస్తుంటారు. మా మేనల్లుడు ఒక ఆదివారం భోజనాల దగ్గర, "మావయ్యా, మా బ్లాకులో రెండు షిఫ్టులు ఆపీసినారు, ఏటి జరుగుతాదో తెల్దు" అన్నాడు. ధర మీద ప్రభావం చూపే, ఇంకా బయటికి రాని సమాచారం పట్టుకుని షేర్లు కొన్నా అమ్మినా నేరం. సెబీ 2015 నిబంధనలు చెప్పినవాళ్లనూ, విని లావాదేవీ చేసినవాళ్లనూ ఇద్దర్నీ పట్టుకుంటాయి. పిల్లవాడి ఉద్యోగం పోతుంది, మన పరువు పోతుంది. ఆ కంపెనీని ఆరోజే నా జాబితాలోంచి కొట్టేశాను. వాడు అక్కడ పనిచేసినన్నాళ్లూ దాని జోలికి పోనని వాడితో కూడా చెప్పాను.

ఆరో అడుగు: కొనడం

ధర గీత దగ్గరికి వచ్చిందనుకోండి. అనుకున్న డబ్బును నాలుగు భాగాలు చేయండి. మొదటి భాగం వెంటనే, రెండోది వచ్చే త్రైమాసిక ఫలితాలు చూశాక. షేరు ఇంకా పడి, కంపెనీ అంకెలు అలాగే ఉంటే రెండో భాగం ఆనందంగా కొనండి. అంకెలు కూడా పడితే ఆగండి. పడింది కదా అని కలుపుకుంటూ పోవడం వల్లే మా బస్సు మిత్రుల్లో ఇద్దరు బాగా దెబ్బతిన్నారు.

ఐదేళ్లదాకా అక్కర్లేని డబ్బే పెట్టాలి. ఒక కంపెనీలో మీ షేర్ల మొత్తంలో ఐదో వంతుకి మించొద్దు. చిన్న పెట్టుబడిదారులు బేసిక్ సర్వీసెస్ డీమ్యాట్ ఖాతా అడగండి. ఖాతాలో విలువ 4 లక్షలు దాటనంతవరకు ఏటా నిర్వహణ రుసుము ఉండదు. పన్ను కూడా ఓపిక వైపే ఉంది. 2024 జులై 23 నుంచి చేసిన అమ్మకాలకు, ఏడాదిలోపు అమ్మితే లాభం మీద 20 శాతం. ఏడాది దాటితే ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల వరకు లాభానికి పన్ను లేదు, ఆపైన 12.5 శాతం.

కొన్న రోజే ఇంకో పని చేయాలి. "ఈ కారణాలు కనబడితే అమ్మేస్తాను" అని మూడు వాక్యాలు రాసి కింద తేదీ వేయండి. నావి సాధారణంగా ఇలా ఉంటాయి: వ్యాపారం నుంచి నగదు వరసగా రెండేళ్లు తగ్గితే. ప్రమోటరు షేర్లు కొత్తగా తాకట్టు పెడితే. "చెప్పింది" గళ్లలో సగానికి పైగా "చేసింది" ఖాళీగా ఉంటే. ధర పడటం ఆ జాబితాలో ఉండదు. ధర పెరగడం కూడా ఉండదు.

మూడిట్లో ఒకటి నిజమైననాడు నష్టమైనా అమ్మాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. నాలుగేళ్లు వెంట తిరిగిన ఒక కంపెనీని, ప్రమోటర్లు షేర్లు తాకట్టు పెట్టారని తెలిసిన వారం 22 శాతం నష్టానికి వదిలేశాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఇన్నేళ్ల కష్టం వృథా అయిందనిపించింది. పొద్దున్న మళ్లీ పుస్తకం తెరిచి నా చేతిరాతలోనే ఉన్న ఆ రెండో వాక్యం చదువుకున్నాను. ఆ పేజీలు తర్వాత ఇంకో కంపెనీని చదవడానికి ఉపయోగపడ్డాయి. అదే వ్యాపారం, అవే ముడిసరుకులు, అదే పోటీ. ఈసారి చదవడానికి సగం సమయమే పట్టింది.

ఏడో అడుగు: పుస్తకం ఎక్కడుందో ఇంట్లో చెప్పండి

ఇన్నేళ్లు ఓపికపట్టి కొన్నవి మన తర్వాత మనవాళ్లకు అందాలి. వరసగా ఏడేళ్లు డివిడెండు, అంటే కంపెనీ పంచే లాభంలో వాటా, ఎవరూ తీసుకోకపోతే ఆ డబ్బూ, ఆ షేర్లూ ప్రభుత్వం నడిపే పెట్టుబడిదారుల రక్షణ నిధికి వెళ్లిపోతాయి. తిరిగి రాబట్టుకోవచ్చు గానీ కాగితాల వెంట చాలా తిరగాలి. అందుకే డీమ్యాట్ ఖాతాలో నామినీ పేరు, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో ఏడాదికోసారి చూసుకోండి. నేను ఏటా సిరిమానోత్సవం మర్నాడు చూస్తాను, తేదీ మర్చిపోయే పని ఉండదని. పాత షేర్ కాగితాలు ట్రంకు పెట్టెలో ఉంటే వాటిని డీమ్యాట్‌లోకి మార్పించండి. 2019 ఏప్రిల్ 1 నుంచి కాగితం రూపంలో ఉన్న షేర్లను మామూలుగా ఒకరి నుంచి ఒకరికి బదిలీ చేసే వీలు లేదు.

నా నోట్‌బుక్‌లు ఇప్పటికి ఏడయ్యాయి. వంటింటి అటక మీద, పాత ఇత్తడి బిందెల పక్కన రేకు పెట్టెలో ఉంటాయి. మా ఆవిడకి తెలుసు. మా అమ్మాయి ఈ మే నుంచి ఒక కంపెనీ పేజీలు తనే రాస్తోంది.